దీపమును దాచు విద్య

నరసన్నపేటలో వేసవి రాత్రులందు మేడమీద పరుండి ఆకాశమును చూచువారికి, తీరము వెంబడి చెన్నపట్టణమునకును కలకత్తాకును నడుమ సంచరించు విమానములు మినుకుమినుకుమనుచు పోవుట నిత్యపరిచితమైన దృశ్యము. ఊరికి తూర్పున, సముద్రము వైపుగా, ఉత్తరదిశకు పోవుచున్న విమానమును మంచి దుర్భిణితో చూచినచో రెక్కకొనయందు ఎఱ్ఱని దీపమొకటి కనబడును. అదే దారిని దక్షిణమునకు మరలివచ్చు విమానమున పచ్చని దీపము కనబడును. ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు పచ్చ, తోకకు తెలుపు అనునది లోకమంతట ఒక్కటే నియమము. అయితే రంగులకంటె ముఖ్యమైన విశేషము వాని హద్దులలో ఉన్నది. ఎఱ్ఱదీపము విమానపు ముక్కుదిశనుండి ఎడమకు 110 డిగ్రీల మేరకు మాత్రమే కనబడవలెను. పచ్చదీపము కుడికి అంతే మేరకు. తోకదీపము వెనుకవైపున 140 డిగ్రీలకు. మూడును కలిసి 360 డిగ్రీల వలయము పూర్తియగును గాని ఒకదాని రాజ్యములోనికి వేరొకటి చొరబడదు. దూరమునుండి చూచు పైలటు ఎఱ్ఱదీపమును చూచి ఎదుటి విమానము ఏ దిశకు పోవుచున్నదో గ్రహించుటకు కారణము, ఆ క్షణమున మిగిలిన రెండు దీపములును అతనికి కనబడకుండుటయే.

కంప్యూటరు తెరమీద విమానమును నడపు సిమ్యులేటరులకు కొత్త విమానములను, కొత్త విమానాశ్రయములను తయారుచేసి చేర్చు ఔత్సాహికులు ఈనాడు దేశదేశములందు వేలకొలది ఉన్నారు. ఈ చేర్పులను వారు మాడ్ అనియు యాడ్-ఆన్ అనియు పిలుతురు. కొత్తగా ఈ పనిలోనికి దిగిన యువకుడు మొట్టమొదట మోజుపడునది దీపములమీదనే: రెక్కకొనలందు మెరుపులు, రన్‌వే పొడవునా వరుసదీపములు, వాన తడిసిన నేలమీద వాని ప్రతిబింబములు. వెలిగించుట సులభము; ఒక ఫైలులో ఒక వరుస వ్రాసిన చాలును. ఏ దీపము ఎప్పుడు, ఎచటినుండి, ఎంత దూరమునుండి కనబడకూడదో నిర్ణయించుటయందే ఈ విద్య యావత్తు ఇమిడియున్నదని నా నిశ్చితాభిప్రాయము.

ఇది నిన్న మొన్న పుట్టిన చింత కాదు. 1970 దశకపు ఆరంభమున మెక్‌డొనెల్ డగ్లస్ సంస్థవారు పైలటుల శిక్షణకై రూపొందించిన ‘వైటల్’ వంటి యంత్రములలో కంప్యూటరు చూపగలిగిన దృశ్యము రాత్రి మాత్రమే. కొండలను, ఇండ్లను, పొలములను చిత్రించు శక్తి ఆనాటి యంత్రములకు లేకపోయినది. చీకటి తెరమీద ఎలక్ట్రాను పుంజముతో ఒక్కొక్క దీపమును చుక్కగా పెట్టి, ఆ చుక్కల అమరికచేతనే రన్‌వేను, దాని దూరమును, వాలును పైలటు కంటికి తట్టునట్లు చేసిరి. కేవలము దీపబిందువులతో విమానమును నేలకు దింపుట నేర్పగలిగిరనిన, ఆ బిందువుల స్థానమునకును కాంతికిని ఎంత ప్రాముఖ్యమున్నదో ఊహింపవచ్చును. బ్రూస్ ఆర్ట్‌విక్ 1979లో ఆపిల్-2 యంత్రమునకు వ్రాసిన ఫ్లైట్ సిమ్యులేటరు, 1982లో మైక్రోసాఫ్ట్ పేరిట వెలువడిన దాని సంతతి, 1997లో తొలిసారి విడుదలయి నేటికిని ఎవరైనను ఉచితముగా తీసికొని దిద్దుకొనగల ఫ్లైట్‌గేర్, ఎక్స్-ప్లేన్ మొదలగునవి ఈ విద్యను విద్యార్థుల బల్లమీదికి తెచ్చినవి.

2006 నాటి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరు ఎక్స్ అనుదానిలో దీపమును పెట్టు రీతి చూడదగినది. విమానమునకు సంబంధించిన ‘ఎయిర్‌క్రాఫ్ట్.సి.ఎఫ్.జి.’ అను ఫైలులో లైట్స్ అను భాగమున ఒక్కొక్క దీపమునకు ఒక్కొక్క వరుస ఉండును. మొదట ఒక అంకె: 1 అనిన బీకను, 2 అనిన స్ట్రోబు, 3 అనిన రెక్కకొనల నావిగేషను దీపములు, 5 అనిన ల్యాండింగు దీపము. తరువాత మూడు సంఖ్యలు, విమానపు మూలబిందువునుండి ముందుకు ఎన్ని అడుగులు, ప్రక్కకు ఎన్ని, పైకి ఎన్ని అని తెలుపును. ఎడమ రెక్కకు ప్రక్క దూరము ఋణసంఖ్య. చివరకు వెలుగు ఆకారమును వర్ణించు ఎఫెక్టు ఫైలు పేరు. ఈ అంకెవలన దీపము కాక్‌పిట్‌లోని స్విచ్చితో ముడిపడును. స్విచ్చి వేసిన వెలుగును, తీసిన ఆరును.

ఇంతటితో తృప్తిపడువారికి చిక్కులేదు. విశాఖపట్టణమునకు నిత్యము వచ్చు ఎయిర్‌బస్ ఎ320 విమానపు ముక్కుచక్రము కాలికి ఒక దీపమున్నది. చక్రము కడుపులోనికి ముడుచుకొనినంతనే, స్విచ్చి వేసియున్నను, అది తనంతట ఆరిపోవును. పైన చెప్పిన వరుసకు ఈ సంగతి తెలియదు. చక్రము లోనికి పోయినను దీపము ఎఫెక్టు గాలిలో అదే స్థానమున వ్రేలాడుచు, ముక్కు క్రింద ఆధారము లేని వెలుగుముద్దగా కనబడును. దీనికి విరుగుడుగా తయారీదారులు ఎఫెక్టును ఫైలునందలి వరుసనుండి తీసివేసి, చక్రపు కాలి నమూనాకే ఒక బిందువున తగిలించి, ఆ భాగమునకు ‘విజిబిలిటీ కండిషన్’ అను షరతును వ్రాయుదురు: స్విచ్చి వేసియుండవలెను, చక్రము పూర్తిగా దిగియుండవలెను, విద్యుత్తు ప్రవహించుచుండవలెను, ఈ మూడును సత్యమైననే కనబడుము అని. బ్యాటరీ చచ్చిన విమానమున దీపములు ధగధగ వెలుగు మాడులను చూచినప్పుడు నాకు కలుగు బాధ ఈ మూడవ షరతును మరచుటవలననే.

నేలమీది దీపములకు స్విచ్చి స్థానమున సూర్యుడు నిలుచును. ఫ్లైట్‌గేరులో వీధిదీపమునకో భవనపు కిటికీ వెలుగునకో షరతు వ్రాయువారు ‘సన్-యాంగిల్-రాడ్’ అను విలువను అడుగుదురు. అది నడినెత్తినుండి సూర్యుడు ఎంత కోణము దిగినాడో రేడియనులలో తెలుపు సంఖ్య, 1.57 అనిన 90 డిగ్రీలు, అనగా సూర్యుడు సరిగా దిగంతమున ఉన్నాడని అర్థము. ఈ విలువ 1.57ను మించినచో దీపమును చూపుము అని వ్రాయుట వాడుక. గడియారపు వేళను అడుగక సూర్యకోణమునే అడుగుటలో గొప్ప వివేకమున్నది. నరసన్నపేట 18.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. విషువత్తు దినములందు అచట సూర్యుడు దిగంతమునుండి ఆరు డిగ్రీలు క్రిందికి జారుటకు సుమారు 25 నిమిషములు చాలును. లండను నగరమున అదే జారుటకు 38 నిమిషములు పట్టును. అంతేకాదు, భారతకాలము 82.5 డిగ్రీల రేఖాంశమునుబట్టి నడచుచుండగా నరసన్నపేట 84 డిగ్రీల చెంత ఉండుటచేత అచటి సూర్యుడు గడియారముకంటె ఆరు నిమిషములు ముందుగానే అస్తమించును. కోణమును నమ్మిన షరతు ఈ భేదములన్నిటిని తనలో ఇముడ్చుకొనును. 1.57 అను హద్దును మాత్రము నేను అంగీకరింపను. మన ఊళ్లలో సూర్యుడు మునిగిన క్షణముననే వీధిదీపములన్నియు ఒక్కుమ్మడిగా వెలుగవు. సంజవెలుగు తగ్గినకొలది ఒక్కొక్కటిగా వెలుగును. దీపములను కొన్ని గుంపులుగా విభజించి, 1.59, 1.62, 1.65 అని వేర్వేరు హద్దులు పెట్టిన తయారీదారు పని చూడుడు. ఆ సంధ్యలో ఊరు మేలుకొనుచున్నట్లు కనబడును.

దిశను అనుసరించి కనబడుట, కనబడకుండుట అనునది శ్రీకాకుళసీమవారికి శాస్త్రగ్రంథము తెరువకయే తెలిసిన విషయము. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయమున ఏటేటా మార్చి 9, 10 తేదీల ప్రాంతమునను, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతమునను ఉదయకిరణములు ద్వారముల గుండా గర్భాలయమునకు చొచ్చి మూలవిరాట్టు పాదములను తాకుట, ఆ దర్శనమునకై తెల్లవారుజామునుండి జనము కిక్కిరియుట మనకు తెలియును. వసంతవిషువత్తునకు పదునొకండు దినములు ముందును, శరద్విషువత్తు గడచిన తొమ్మిది పది దినములకును సూర్యుని క్రాంతి ఇంచుమించు ఒకటే. దక్షిణముగా నాలుగు డిగ్రీలకు కొంచెము అటునిటుగా ఉండును. కనుక ఆ రెండు వేళలందును అతడు తూర్పుదిశకు ఇంచుక దక్షిణముగా ఒకే తావున ఉదయించును. తక్కిన దినములందు సూర్యకాంతి తగ్గినదియు లేదు, ద్వారము మూసినదియు లేదు. కిరణపు దిశకును ద్వారపు దిశకును పొత్తు కుదరక వెలుగు లోపలికి రాదు.

సిమ్యులేటరులో ఈ పొత్తును లెక్కించు పద్ధతి మిక్కిలి సరళమైనది. దీపము చూచు దిశ ఒక బాణము. దీపమునుండి మన కంటికి గీసిన గీత వేరొక బాణము. రెండు బాణముల పొడవును ఒకటిగా తీసికొని అదిశ లబ్ధమును గణించినచో వాని నడిమి కోణపు కొసైను వచ్చును: ఒకే దిశయైన 1, లంబమైన 0, ఎదురుబొదురైన -1. ఈ సంఖ్య తయారీదారు ఇచ్చిన హద్దుకంటె తక్కువయైన దీపమును దాచవలెను. ఎక్స్-ప్లేనులో దీపమును నిర్వచించు వరుసయందు దిశయు, వెడల్పును తెలుపు కొసైను విలువయు చేర్చుట ఈ కారణముననే. పదునారవ నంబరు జాతీయరహదారిమీద రాత్రివేళ లారీ ఎదురుగా వచ్చునప్పుడు తెల్లదీపములును, దాటిపోయిన పిదప ఎఱ్ఱదీపములును కనబడునట్లే, రన్‌వే కొనయందలి దీపములును రెండు ముఖములు కలవి. విశాఖపట్టణపు 3,050 మీటర్ల రన్‌వేకు తూర్పుకొనను 28 అనియు పడమటికొనను 10 అనియు వ్యవహరింతురు. తూర్పునుండి దిగవచ్చు పైలటునకు ఆ కొన దీపములు పచ్చగా ‘ఇచట రన్‌వే ఆరంభము’ అని చెప్పును. పడమటినుండి దిగి పరుగెత్తి వచ్చువానికి అదే తావున ఎఱ్ఱదీపములు ‘ఇచట ముగిసినది’ అని హెచ్చరించును. రెండు రంగులును రెండు వైపులకు కనబడునట్లు చేసిన మాడును నేర్చుకొనువాని చేతికి ఇచ్చుట అన్యాయము.

ఈ దిశానియమము పరాకాష్ఠకు చేరినది పాపీ అను దీపసాధనమునందు. రన్‌వే ప్రక్కన, సాధారణముగా ఎడమవైపున, నాలుగు పెట్టెలు వరుసగా నుండును. ప్రతి పెట్టెనుండియు రెండు పొరల కాంతి వెలువడును: పై పొర తెలుపు, క్రింది పొర ఎరుపు, రెంటికిని నడుమ హద్దు కత్తితో కోసినంత స్పష్టము. మూడు డిగ్రీల వాలున దిగవలసినచోట ఈ హద్దులను రన్‌వేకు దూరపు పెట్టెనుండి దగ్గరి పెట్టెవరకు వరుసగా 2 డిగ్రీల 30 నిమిషములు, 2 డిగ్రీల 50 నిమిషములు, 3 డిగ్రీల 10 నిమిషములు, 3 డిగ్రీల 30 నిమిషములుగా అమర్తురు. సరియైన వాలున వచ్చువానికి దూరపు రెండు తెల్లగాను, దగ్గరి రెండు ఎఱ్ఱగాను కనబడును. మరీ క్రిందికి జారినచో నాలుగును ఎఱ్ఱబడును. రెండు పెట్టెల నడిమి భేదము ఇరువది కోణనిమిషములు మాత్రమే. కాని 5 కిలోమీటర్ల దూరమున అది 29 మీటర్ల ఎత్తుతో సమానము, అనగా తొమ్మిదంతస్తుల మేడయంత. ఈ పెట్టెల కోణములను కంటి స్థానమునుండి ప్రతిక్షణము లెక్కించుటకు మారుగా, కంటికి నచ్చినట్లు రెండు తెలుపు రెండు ఎరుపు బొమ్మలను అతికించి ఊరకుండు తయారీదారులను చూచినాను. ఆ బొమ్మ ఎంత అందముగా నున్నను, తప్పు ఎత్తున వచ్చు శిష్యునికి ‘నీవు సరిగానే వచ్చుచున్నావు’ అని చెప్పు గురువువంటిది. దానికంటె చీకటి మేలు.

ఇక దూరము. తెలివిగల తయారీదారులును తడబడుచోటు ఇదియే గనుక ఇచట కొంత నిలువవలసియున్నది. దీపకాంతి దూరపు వర్గమునకు విలోమముగా తగ్గుననుట పాఠశాలలో నేర్చినదే. దానికి తోడు గాలియందలి ధూళియు, ఆవిరియు, మంచును దారిపొడవునా కొంత వెలుగును హరించుచుండును. ఈ రెండు నష్టములను ఒక్క సమీకరణములో కూర్చినవాడు ఫ్రాన్సుదేశపు దీపస్తంభముల ఇంజనీరు ఎమీల్ అల్లార్, సంవత్సరము 1876. కళింగపట్నపు దీపస్తంభము నావికునికి ఎంత దూరమున తోచుననుటకును, విమానాశ్రయపు దీపము పైలటునకు ఎంత దూరమున తోచుననుటకును ఆ సమీకరణమే నేటికిని ఆధారము. అయితే ‘తోచుట’ అనునది కంటిని చేరిన వెలుగుమీదనే గాక కన్నున్న పరిసరములమీదను ఆధారపడును. పైలటు రాత్రివేళ దీపమును గుర్తించుటకు 8 కోటివంతుల లక్స్ చాలునని, నిండు పగటి వెలుతురున వేయింట ఒకవంతు లక్స్ కావలెనని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణము. రెంటికిని భేదము 1,250 రెట్లు.

వేయి కాండెలాల దీపమొకటి తీసికొని లెక్కవేసి చూడుడు. గాలి ఏమియు హరింపదనుకొనిన రాత్రివేళ అది 35 కిలోమీటర్ల వరకు కనబడవలెను. మిట్టమధ్యాహ్నము అదే దీపము ఒక్క కిలోమీటరు దాటిన కంటికి ఆనదు. పుష్యమాసపు తెల్లవారుజామున వంశధార ఒడ్డు పొలములమీద మంచుపట్టి, కిలోమీటరుకు మించి చూపు ఆననినాడు, చీకటియందైనను ఆ దీపము కనబడు దూరము రెండు కిలోమీటర్లకు లోబడి నిలిచిపోవును. దీపము మారలేదు, స్విచ్చి మారలేదు. ముప్పదియైదు రెండైనది, ఒకటియైనది. పగలైనను రాత్రియైనను, మంచైనను ఎండైనను, ‘ఇరువది కిలోమీటర్ల లోపల చూపుము, వెలుపల దాచుము’ అని ఒక్క సంఖ్యతో షరతు వ్రాసినచో ఎంతటి అసత్యమగునో దీనివలన స్పష్టమగును. దూరపు హద్దు కంప్యూటరు శ్రమను తగ్గించుటకు అవసరమే. కాని ఆ హద్దు చేరుటకు పూర్వమే వెలుగు క్రమక్రమముగా క్షీణించి మాయమగునట్లు చేయవలెను, గోడకు కొట్టినట్లు తెగిపోరాదు.

దీనికి తోడు తెర తెచ్చిపెట్టు వేరొక చిక్కున్నది. అడ్డముగా 1,920 చుక్కలు గల తెరమీద 60 డిగ్రీల దృశ్యమును చూపునప్పుడు, 10 కిలోమీటర్ల దూరమున ఒక్కొక్క చుక్క అయిదున్నర మీటర్ల వెడల్పును కప్పివేయును. జానెడు దీపము ఆ చుక్కలో ఇరువదియేడవ వంతు మాత్రమే. యథాతథముగా గీసిన అది తెరమీద ఆనదు. కావున ఎల్లవేళల మనవైపునకు మొగము త్రిప్పియుండు చిన్న వెలుగుబిళ్లను దాని స్థానమున పెట్టుట ఆచారము. ఆ బిళ్ల ఎంత దూరముననైనను నాలుగు చుక్కలకు తగ్గరాదని వ్రాసినవాడు, 10 కిలోమీటర్ల దూరపు దీపమును ఇరువదిరెండు మీటర్ల గోళముగా మార్చినాడన్నమాట. రన్‌వే అంచుదీపములు 60 మీటర్లకు మించని ఎడముతో ఉండును. మూడు డిగ్రీల వాలునుండి చూచినచో ఆ ఎడము కుదించుకొని మూడు మీటర్లుగా, అనగా చుక్కకంటె తక్కువగా తోచును. కావున దూరమున దీపములు ఒకదానిలో ఒకటి కలిసి సన్నని రెండు గీతలగుట సహజమే. బిళ్లలు పెద్దవియైనచో ఆ గీతలు రెండు వెలుగు దుంగలై, నడుమనున్న రన్‌వేను మ్రింగివేయును. బిళ్లను ఒక చుక్కకు దగ్గరగా నిలిపి, దూరము పెరిగినకొలది పరిమాణమునకు మారుగా ప్రకాశమును తగ్గించుట సరియైన మార్గము. 2022లో వెలువడిన ఎక్స్-ప్లేన్ 12 దీపకాంతిని నిజమైన కాండెలాలలోనే గణించు దారి పట్టుట ఈ దిశలో మెచ్చదగిన అడుగు.

అడ్డువచ్చిన వస్తువు వెనుక దీపము దాగుట కంప్యూటరు తనంతట చూచుకొను పనియే. తెరమీది ప్రతి చుక్కకును అతిసమీప వస్తువు దూరమును అది గుర్తుంచుకొనును. కాని వెలుగుబిళ్ల చదునైనది. రెక్క అంచున సగము తెగి, అర్ధచంద్రునివలె వికృతముగా కనబడును. బిళ్లను కొంచెము కంటివైపునకు జరిపి ఈ దోషమును కప్పిపుచ్చబోయినవారికి, దీపము విమానపు కడుపుగుండా, ఒక్కొక్కప్పుడు విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండగుండా కూడ కనబడును. కొండను చీల్చుకొని వచ్చు దీపము ‘ఇచట కొండ లేదు’ అని చెప్పుచున్నది. విమానశిక్షణలో ఇంతకంటె ప్రమాదకరమైన పలుకు వేరొకటి లేదు. స్ట్రోబు మెరుపు సంగతి మాత్రము వేరు. నిజమైన మెరుపు సెకనులో వేయవవంతు పాటిది. సాధారణపు తెరయో సెకనుకు అరువది చిత్రములను మాత్రమే చూపును. ఒక్క చిత్రకాలము వెలిగించి ఆర్పుటకంటె గత్యంతరము లేదు.

విజయనగరము జిల్లా భోగాపురమున జి.ఎం.ఆర్. సంస్థ చేపట్టిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయపు రన్‌వే పొడవు 3,800 మీటర్లు. కేంద్ర పౌర విమానయాన శాఖను 2024 నుండి వహించుచున్న మంత్రి శ్రీకాకుళము పార్లమెంటు సభ్యుడే యగుటచేత ఈ సీమ యువకులకు విమానములమీద ఆసక్తి ఇనుమడించుట సహజము. తమ ప్రాంతపు విమానాశ్రయమును సిమ్యులేటరులో తామే నిర్మింపవలెనని నరసన్నపేట, టెక్కలి, పలాస విద్యార్థులలో కొందరైనను ముందుకు రావలెనని నా కోరిక. అట్టివారికి నా విన్నపమొక్కటి. భారత విమానాశ్రయముల ప్రాధికార సంస్థ ప్రకటించు వైమానిక సమాచార గ్రంథము అంతర్జాలమున ఉచితముగా లభించును. అందు ప్రతి విమానాశ్రయమునకును ఎ.డి. 2.14 అను భాగమున రన్‌వే దీపముల రంగులు, ఎడములు, పాపీ కోణములు పట్టికగా ముద్రింపబడియుండును. మొదట ఆ పట్టికను చదువుడు. తరువాత దీపములను పెట్టి, మీ మాడును తొలుత రాత్రి దృశ్యముతో పరీక్షింపకుడు. మిట్టమధ్యాహ్నము, రన్‌వేకు ప్రక్కగా, పది కిలోమీటర్ల దూరమున నిలిచి చూడుడు. అచటినుండి ఒక్క దీపమైనను కనబడినచో ఇంకను పని మిగిలియున్నదని తెలిసికొని, మరల ఫైలును తెరువుడు.